అంత పెద్ద చెట్లు పెరిగిన నేలలో పంట ఎందుకు నిలవదు? బోర్నియో అడవి చెప్పే జవాబు

మాస్టారూ, తర్వాత చదివేవాళ్లకు కూడా తెలియాలి కాబట్టి ముందు మీ ప్రశ్న రెండు ముక్కల్లో పెడతాను. మీరు జంగారెడ్డిగూడెం దగ్గర హైస్కూల్లో సోషల్ చెబుతారు. భూమధ్యరేఖ అడవుల పాఠంలో నాలుగు అంతస్తుల బొమ్మ గీసి, అడవులు పోవడానికి కారణాలు జనాభా పెరుగుదల, పోడు, కలప అని రాయించారు. ఒక అమ్మాయి లేచి "అంత పెద్ద చెట్లను పెంచిన నేల కదా సార్, నరికాక పంట ఇంకా బాగా పండాలి, ఎందుకు పండదు?" అని అడిగింది. ఒక పిల్లాడు "మా నాన్న వేసిన పామాయిల్ తోట వల్ల కూడా ఆ అడవి పోయిందా?" అన్నాడు. రెండింటికీ పుస్తకంలో జవాబు దొరకలేదని రాశారు.

నేను అటవీ జీవావరణ శాస్త్రం చదివి, బోర్నియో దీవిలో మలేషియాకు చెందిన సబా రాష్ట్రంలో కొన్నేళ్లు పనిచేశాను. అమెజాన్ గురించి ఎవరైనా చెబుతారు. నేను నడిచిన అడవి గురించే చెబుతాను. బోర్నియో దాదాపు 7.4 లక్షల చదరపు కిలోమీటర్ల దీవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే 2.75 లక్షలు, అంటే మన రెండు రాష్ట్రాలకు రెండున్నర రెట్లకు పైనే. దాన్ని మూడు దేశాలు పంచుకున్నాయి: ఉత్తరాన మలేషియా రాష్ట్రాలు సబా, సారవాక్, వాటి మధ్య చిన్న బ్రూనై, మిగతా పెద్ద భాగం ఇండోనేషియాది. ఆ భాగాన్నే కాలిమంతన్ అంటారు.

మీరు గీసిన బొమ్మ తప్పు కాదు. అలాంటి బొమ్మలు 1930ల్లో దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాలో మొదలయ్యాయి. అక్కడి పరిశోధకులు అడవిలో ఒక సన్నటి పట్టీ కొలుచుకుని, అందులోని చెట్లన్నీ కొట్టి, ఒక్కొక్కదాని ఎత్తు, కొమ్మలు మొదలైన చోటు రాసుకుని, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో గీశారు. కానీ లోపల నిలబడి తలెత్తితే అంతస్తులు కనబడవు. ఆకులు, వాటి పైన మళ్లీ ఆకులు, మధ్యలో మన తొడంత లావు తీగలు, ఎక్కడో ఒకచోట చిల్లు పడినట్టు ఆకాశం. మిద్దెలోలా ఒక అంతస్తు అయిపోయి ఇంకొకటి మొదలవడం ఉండదు. అంతస్తుల్ని తీర్చేది వెలుతురు. అన్నిటికన్నా పైకి పొడుచుకు వచ్చిన చెట్లకు నిండు ఎండ, నిండు గాలి. వాటి కింద పాతిక ముప్పై మీటర్ల ఎత్తున ఒకదానికొకటి ఆనుకున్న పందిరి ఎండలో అధిక భాగం తాగేస్తుంది. నేల దాకా దిగేది నూటికి ఒక పాలో రెండు పాళ్లో. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా నోట్‌బుక్కులో అంకెలు చూడటానికి కళ్లు చికిలించాల్సి వచ్చేది. కింద గాలి కదలదు. ఉతికి ఆరేసిన చొక్కా మూడు రోజులైనా తడిగానే ఉండేది. ఈ చల్లటి, కదలని తేమను గుర్తు పెట్టుకోండి, నిప్పు గురించి చెప్పేటప్పుడు మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

సబాలోని డానుం లోయలో 2018లో విమానం నుంచి లేజర్ కొలతలు తీస్తే ఒక చెట్టు మిగతా అడవికన్నా చాలా పైన కనిపించింది. 2019 జనవరిలో స్థానిక యువకుడొకరు దాన్ని ఎక్కి టేపు జారవిడిచారు. 100.8 మీటర్లు! ముప్పై అంతస్తుల భవనమంత. దానికి మెనారా అని పేరు పెట్టారు, మలయ్ భాషలో గోపురం అని అర్థం. పిల్లలకు ఇది చెప్పాక ఇంకొక మాట చెప్పండి, వాళ్ల కళ్లు మెరుస్తాయి. ఆ చెట్టు మనకు కొత్తదేమీ కాదు. శేషాచలం కొండల్లో పెరిగే జాలారి, తంబజాలారి చెట్లు, శ్రీకాకుళం వైపు గుగ్గిలమిచ్చే సాల చెట్టు, బోర్నియోలోని ఆ మహావృక్షం, అన్నీ ఒకే కుటుంబం. మన నేలలో వానలు తక్కువ, వేసవి పొడవు, అందుకే మన జాలారి మామూలు చెట్టుగానే ఆగిపోయింది. నెల తప్పకుండా వాన పడే చోట దాని చుట్టం నూరు మీటర్లు దాటింది. బోర్నియో అడవి అంటే ముఖ్యంగా ఈ కుటుంబమే, పైన పొడుచుకొచ్చేవాటిలో ఎక్కువ ఇవే.

ఇవి కాక మిగతావి ఎన్నో! సారవాక్‌లోని లంబీర్ కొండల్లో 52 హెక్టార్ల ముక్క తీసుకుని ప్రతి చెట్టుకూ బిళ్ల కట్టి లెక్కపెడితే సుమారు 1,200 జాతులు తేలాయి. 52 హెక్టార్లంటే 130 ఎకరాలు, మీ ఊళ్లో నలుగురైదుగురు పెద్ద రైతుల పొలమంత.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న. ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే మొదటిసారి అక్కడి మట్టిని చేత్తో పట్టుకున్నప్పుడు నేనూ ఇలాగే తికమకపడ్డాను. పైన ఆకుల పొర వేళ్లతో తీస్తే రెండు మూడు అంగుళాల మందం కూడా ఉండదు. అంత దట్టమైన అడవిలో ఆకు రాలి రాలి మోకాలి లోతు పేరుకోవాలి కదా? పేరుకోదు. వేడి, తడి, చెదలు, బూజు కలిసి రాలిన ఆకును కొన్ని నెలల్లో తినేస్తాయి. కుళ్లుతున్న ఒక ఆకును పైకి లాగితే దానితోపాటు దారాల్లాంటి సన్నటి వేళ్లు కూడా వచ్చాయి. ఆకును పట్టుకుని, దానిలోకి దూరి, మట్టిలో కలవకముందే సారం పీల్చుకుంటున్నాయి. వేళ్లకు తెల్లటి బూజు తొడుగు ఉంటుంది. జాలారి కుటుంబపు చెట్లన్నీ ఆ బూజుతో కలిసే బతుకుతాయి, అది లేకుండా మొక్క ఎదగదు. ఇంకో జానెడు తవ్వితే పసుపు రంగు బంకమట్టి, పుల్లటి నేల. లక్షల ఏళ్ల వానకు కాల్షియం, పొటాషియం లాంటివన్నీ కొట్టుకుపోయి, భాస్వరం ఇనుముతో, అల్యూమినియంతో ముడిపడి వేళ్లకు అందకుండా ఉంటుంది. గోదావరి ఒండ్రుకు అలవాటుపడిన కళ్లకు అది నేలగానే కనిపించదు.

కాబట్టి ఆ అమ్మాయికి ఇలా చెప్పండి: ఆ చెట్లను నేల పెంచలేదు, రాలిన చెట్టే పెరిగే చెట్టును పెంచింది. సారంలో పెద్ద వంతు ఎప్పుడూ కాండాల్లో, ఆకుల్లో, పైపొర వేళ్లలో చేతులు మారుతూ ఉంటుంది. (సారమంతా చెట్లలోనే, నేలలో అసలేమీ లేదు అని కొన్ని పుస్తకాల్లో రాస్తారు. అది అతి. నత్రజని నేలలోనూ చాలానే ఉంటుంది. కొరత ముఖ్యంగా భాస్వరానికి, పొటాషియం, కాల్షియం లాంటివాటికి.) నరికి కాలిస్తే ఏమవుతుంది? ఆ ఉమ్మడి ఆస్తి అంతా ఒక్కసారిగా బూడిదై నేల మీద పడుతుంది. మొదటి ఏడు వరి బ్రహ్మాండంగా వస్తుంది, రెండో ఏడు సగం, మూడో ఏడు దర్భలాంటి గడ్డి. బూడిదలోని సారాన్ని పంట కొంత తీసుకుంది, మిగతాది వాన కడిగేసింది, మళ్లీ పట్టుకోవడానికి ఆ వేళ్ల వల లేదు.

అడవి దానంతటదే తిరిగి మొలవదా అని మీకు అనుమానం రావచ్చు. ఇక్కడే జాలారి కుటుంబపు ఇంకో గుణం అడ్డొస్తుంది. ఈ చెట్లు ఏటా కాయవు. నాలుగైదేళ్లకో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానో, ఎక్కువగా ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి అక్కడ వానలు తగ్గడం) వచ్చిన ఏడాది, దీవిలో వందల కిలోమీటర్ల మేర చెట్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పూసి ఒకేసారి కాస్తాయి. అలాంటి ఒక కాపు నేను చూశాను. గాలి వీస్తే పైనుంచి రెక్కల కాయలు గిర్రున తిరుగుతూ వేలకు వేలు దిగుతుంటే నేల కనబడలేదు. అడవిపందులు రాత్రంతా తిన్నా తరగలేదు. ఆ కిటుకే అది: తినేవాళ్లు తిని అలిసిపోవాలి, మిగిలినవి మొలవాలి. కానీ ఆ గింజకు నిల్వ గుణం లేదు. రోజుల్లో మొలవాలి, లేదా చావాలి. మన తుమ్మ గింజలాగా ఏళ్ల తరబడి మట్టిలో పడుకుని ఉండదు. మొలిచాక కూడా జానెడు మొక్కగా ఆ చీకట్లో ఏళ్లకేళ్లు ఎదురుచూస్తుంది, పక్కన పెద్ద చెట్టు కూలి వెలుతురు పడితే అప్పుడు లేస్తుంది. అంటే ఈ అడవికి మట్టిలో విత్తనాల గాదె లేదు. తల్లి చెట్లు, వాటి కింద వేచి ఉన్న మొక్కలు, ఇంతే దాని పొదుపు. రెండూ పోతే అడవి పోయినట్టే. కాలిమంతన్ పశ్చిమాన గునుంగ్ పాలుంగ్ అనే జాతీయ పార్కులో 1998లో కాపు వచ్చినా మొలిచి నిలిచిన మొక్కలు దాదాపు లేవు. చుట్టూ ఉన్న అడవి నరికేసరికి ఆకలిగొన్న జంతువులన్నీ ఆ పార్కులోకే వచ్చాయి. కరువూ తోడైంది. పార్కులో గొడ్డలి పడకపోయినా దెబ్బ తగిలింది.

ఇక కారణాలు. "జనాభా పెరుగుదల" అన్న మాటను మీ బోర్డు మీద మొదటి వరసలోంచి తీసేయమని బతిమాలుతున్నాను. బోర్నియోలో జనం పలుచన. 1973లో దీవిలో నాలుగింట మూడొంతులు అడవే ఉంది. 2010 నాటికి ఆ అడవిలో దాదాపు 30 శాతం పోయింది. ఇంత వేగంగా అడవి పోయేలా అక్కడ పిల్లలు పుట్టలేదు. జరిగింది వేరు.

మొదట వచ్చింది కలప కంపెనీ. ఇండోనేషియాలో సుహార్తో ప్రభుత్వం 1967లో అటవీ చట్టం తెచ్చి, లక్షల హెక్టార్లు కంపెనీలకు లీజులకిచ్చింది. సబాలో 1970ల్లో రాష్ట్ర ఆదాయంలో సింహభాగం దుంగల నుంచే వచ్చేది. దుంగలు కొన్నది ముఖ్యంగా జపాన్. ఎందుకో తెలుసా? అందులో చాలా భాగం సెంట్రింగుకి! నూరేళ్ల పైబడిన చెట్టును ప్లైవుడ్‌గా చీల్చి, కాంక్రీటు పోయడానికి సెంట్రింగు రేకుల్లా వాడి, రెండు మూడు స్లాబులయ్యాక పారేశారు. 1985లో ఇండోనేషియా దుంగల ఎగుమతి ఆపి, ప్లైవుడ్ తానే చేసి అమ్మడం మొదలెట్టింది. నరకడం ఆగలేదు.

హెక్టారుకు తీసేది పది, పదిహేను చెట్లే. పది చెట్లే కదా అనిపిస్తుంది. కానీ బుల్డోజరు ఆ దుంగల్ని లాగే దారిలో, అవి పడేటప్పుడు తీగలతో ముడిపడిన పక్కచెట్లను లాక్కుని కూలడంలో, మిగతా చెట్లలో నూటికి నలభై దాకా చచ్చాయి. సరిగ్గా ప్లాను వేసుకుని, ముందు తీగలు కోసి, పడే దిక్కు చూసి కొడితే ఈ నష్టం సగానికన్నా తక్కువవుతుందని సబాలోనే రుజువైంది. ఇక దుంగల కోసం వేసిన రోడ్లు. దీవి మొత్తం మీద రెండున్నర లక్షల కిలోమీటర్లకు పైనే! భూమిని ఆరుసార్లు చుట్టి రావచ్చు. నన్నడిగితే అడవికి గొడ్డలి కన్నా రోడ్డు ప్రమాదం. గొడ్డలి ఆగాక కూడా రోడ్డు ఉంటుంది, దాని మీద తర్వాతివాడు వస్తాడు.

తర్వాత నిప్పు. నిండు అడవి కాలదు, ఆ తేమకు అగ్గిపుల్ల కూడా సరిగా వెలగదు. పందిరికి చిల్లులు పడ్డాక ఎండ నేల దాకా దిగి, నరికినప్పుడు వదిలేసిన కొమ్మలు ఎండి, అడవే కట్టెల మోపు అవుతుంది. 1982-83 ఎల్ నినో కరువులో తూర్పు కాలిమంతన్‌లో ముప్పై లక్షల హెక్టార్లకు పైగా కాలింది. కలప తీసిన చోట్ల మంట చెలరేగింది, ముట్టని అడవి చాలావరకు తట్టుకుంది.

నాకు అన్నిటికన్నా బాధగా గుర్తుండేది మధ్య కాలిమంతన్ పీట్ నేలలు. నదుల మధ్య నీళ్లు నిలిచే పల్లాల్లో ఆకులు, వేళ్లు కుళ్లకుండా వేల ఏళ్లు పేరుకుని మీటర్ల మందాన నల్లటి మెత్తటి పొర అవుతుంది. ఇనుప కడ్డీ గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగి, ఇంకో కడ్డీ అతికించినా అడుగు తగలదు. అక్కడి కాలువల్లో నీళ్లు కాఫీ డికాషన్ రంగులో ఉంటాయి. అది నీళ్లలో ఉన్నంతకాలమే పీట్, నీళ్లు తీస్తే పిడకలే. 1996లో ప్రభుత్వం జావా దీవికి బియ్యం పండిద్దామని పది లక్షల హెక్టార్ల పీట్ అడవిలో నాలుగు వేల కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వించింది. ఆ పుల్లటి నేలలో వరి పండలేదు. రెండు మూడేళ్లలో పథకం మూతపడింది, కాలువలు మాత్రం నీళ్లు లాగుతూనే ఉన్నాయి. 1997లో నిప్పు అంటుకుంది. పీట్ మంట నేల లోపల పాకుతుంది, పైన పొగ తప్ప మంట కనబడదు, వాన పడేదాకా ఆరదు. ఆ ఏడాది ఇండోనేషియా పీట్ నుంచి గాల్లో కలిసిన కార్బన్, ప్రపంచమంతా ఏడాదిలో కాల్చే బొగ్గు, పెట్రోలు, గ్యాసు నుంచి వచ్చేదానిలో 13 నుంచి 40 శాతం మధ్య ఉంటుందని లెక్క తేల్చారు. 2015లో మళ్లీ ఇండోనేషియా మొత్తం మీద 26 లక్షల హెక్టార్లు కాలాయి. పొలం మీద ఒక్క గింజ రాలేదు, పొగ మాత్రం సింగపూర్ దాకా వెళ్లింది.

పోడు సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. బోర్నియో లోపలి డయాక్ జనాలు చేసేది మన మన్యంలో కొండరెడ్లు, సవరలు చేసే పోడు లాంటిదే. ఒకటి రెండేళ్లు కొండవరి, తర్వాత పది పదిహేనేళ్లు బీడు. ఇందాక చెప్పిన నేల గుణం వాళ్లకు మనకన్నా ముందే తెలుసు, అందుకే ఆ నేలను వదిలి పక్కకు జరిగేవారు. చుట్టూ అడవి ఉన్నంతకాలం అది మళ్లీ అల్లుకునేది. లీజులకిచ్చి వాళ్ల చుట్టూ ఉన్న భూమి తీసేసుకున్నాక బీడు కాలం తగ్గింది, నేల చచ్చింది, నింద వాళ్ల మీద పడింది. దయచేసి పిల్లల చేత పోడును మొదటి కారణంగా రాయించకండి.

ఇక పామాయిల్. కలప అయిపోయిన అడవికి విలువ లేదని కాగితాల మీద రాసి, దాన్ని నున్నగా చదును చేసి తోటలేశారు. ఈ పంట చిన్నగా ఎందుకు మొదలవదో మీ ఊరివాళ్లకు నేను చెప్పక్కర్లేదు: గెల కోశాక ఒక రోజులో మిల్లు చేరకపోతే నూనె పాడవుతుంది. మిల్లు దగ్గరుండాలి, మిల్లు ఆడాలంటే చుట్టూ వేల హెక్టార్ల తోట ఉండాలి. అందుకే ఒకసారి మిల్లు కట్టారంటే చుట్టుపక్కల అడవికి మూడినట్టే. ఇక్కడ ఒక విషయం మాత్రం గట్టిగా చెబుతాను: కలప తీసిన అడవి చచ్చిన అడవి కాదు. సబాలో రెండుసార్లు నరికిన అడవిలో కూడా పక్షి జాతుల్లో నాలుగింట మూడొంతులకు పైగా మిగిలే ఉన్నాయని లెక్క తేలింది. తీగలు కోసి, మొక్కలు నాటి సాయం చేస్తే ఇంకా త్వరగా కోలుకుంటుంది. అదే చోట తోట వేస్తే ఆ పక్షులు దాదాపు ఏవీ ఉండవు. "ఎలాగూ పాడైంది కదా" అన్న మాటతోనే ఎక్కువ అడవి పోయింది.

ఇప్పుడు ఆ పిల్లాడి ప్రశ్న. వాళ్ల నాన్న తోట వల్ల బోర్నియోలో ఒక్క చెట్టు కూడా పోలేదు, మీ దగ్గర కూడా అడవి పోలేదు. గోదావరి మెట్టలో ఆ తోటలు వచ్చింది పొగాకు, చెరకు, మెట్ట పైర్లు వేసిన చేలల్లో. అక్కడి లెక్క నీళ్ల లెక్క. వేసవిలో చెట్టుకు రోజుకు రెండొందల లీటర్ల పైన పెట్టాలి, బోర్ల లోతు ఏడాదికేడాది ఎంత దిగుతోందో ఆ ఇంట్లోనే అడగమనండి. మనకు బోర్నియోతో ఉన్న సంబంధం తోటలో లేదు, మూకుడులో ఉంది. ప్రపంచంలో పామాయిల్‌ని అందరికన్నా ఎక్కువగా దిగుమతి చేసుకునేది మన దేశమే. ఏటా 75 లక్షల నుంచి కోటి టన్నుల దాకా, ముఖ్యంగా ఇండోనేషియా, మలేషియాల నుంచి. కాకినాడ రేవులో దిగి, అక్కడే శుద్ధయి, బజ్జీల బండి నుంచి బిస్కెట్ ప్యాకెట్ దాకా వెళుతుంది. 2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా ఎగుమతి ఆపితే మన ఊళ్లలో నూనె ధర ఎలా ఎగిరిందో మీకు గుర్తుండే ఉంటుంది.

అలాగని పామాయిల్ మానేయమని నేను చెప్పను. హెక్టారుకు మూడు నాలుగు టన్నుల నూనె ఇచ్చే పంట ఇంకోటి లేదు. అదే నూనె వేరుశనగ నుంచో సోయా నుంచో తీయాలంటే ఇంకా చాలా ఎక్కువ నేల కావాలి. ఏ నేలలో వేశారన్నదే అసలు ప్రశ్న. చెరకు తీసిన చేలో వేస్తే ఒక లెక్క, పీట్ ఎండగట్టి వేస్తే ఇంకో లెక్క. అందుకే 2021లో మొదలైన జాతీయ వంటనూనెల పామాయిల్ పథకం ఈశాన్య రాష్ట్రాలకు, అండమాన్‌కు తోటల్ని విస్తరించాలనడం నాకు భయం కలిగిస్తోంది. పడమటి కనుమలు కాక మనకు మిగిలిన వాన అడవులు ఉన్నది అక్కడే.

అన్నీ చెడ్డ వార్తలే కావు. ఇండోనేషియా 2011లో ముట్టని అడవికి, పీట్ నేలలకు కొత్త అనుమతులు ఆపింది, 2019లో దాన్ని శాశ్వతం చేసింది. 2015 మంటల తర్వాత పీట్ కాలువలకు అడ్డుకట్టలు వేయడం మొదలెట్టారు: చెక్కలు పాతి, మధ్యలో మట్టి బస్తాలు పేర్చి నీటిమట్టం పైకి తెస్తారు. మన చెక్‌డ్యాం లాంటిదే. 2016 తర్వాత కొన్నేళ్లు ఆ దేశంలో అడవి పోయే వేగం బాగా తగ్గింది.

పాఠం మళ్లీ చెబుతారు కదా, బొమ్మలో నేల గీతకు కింద కూడా ఒక అంతస్తు గీయించండి, ఆకులు, బూజు, వేళ్లు ఉన్న ఆ జానెడు. వేసవిలో శేషాచలం కొండల వైపు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే రాలిన జాలారి కాయ ఒకటి తెచ్చిపెట్టమనండి. దానికి ఎండిన రెక్కలుంటాయి. స్కూలు మేడ మీద నుంచి వదిలితే గిర్రున తిరుగుతూ దిగుతుంది, గోడ నుంచి ఎన్ని అడుగుల దూరంలో పడిందో పిల్లలనే కొలవమనండి. బోర్నియోలో కూడా చాలా కాయలు తల్లి చెట్టుకు ముప్పై నలభై మీటర్ల లోపే పడతాయి. తల్లి చెట్లన్నీ కొట్టేసిన వంద ఎకరాల మధ్యలోకి ఆ గింజ ఎలా చేరాలో ఆ అమ్మాయినే ఆలోచించి చెప్పమనండి, ఏం చెప్పిందో నాకూ రాయండి.